ఇంటి అలారానికి బయటి సైరన్: కరెంటు ఏర్పాటు, వైరింగ్ క్రమం

అలారం ప్యానెల్‌తో (సెన్సార్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టెతో) పాటు వచ్చే చిన్న సైరన్ హాల్లో చెవులు చిల్లులు పడేలా మోగినా, తలుపులు మూసి ఉంటే వీధిలోకి సరిగా వినపడదు. అందుకే బయటి గోడకు పెద్ద సైరన్ ఎలా పెట్టాలి, దానికి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి అని చాలామంది అడుగుతుంటారు. పగటిపూట, కరెంటు ఉండగా, కొత్త బ్యాటరీతో ఏ సైరన్ అయినా మోగుతుంది. గేటు పక్కనున్న మీటరు బోర్డులో మెయిన్ ఎవరో ఆపేశాక, మూడేళ్ల బ్యాటరీ మీద, వానకు నానిన గోడ మీద కూడా అది మోగాలి. కింద చెప్పిన పనులన్నీ ఆ పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది రెండంతస్తుల సొంత ఇల్లు, 12 వోల్టుల డీసీతో నడిచే వైర్డ్ ప్యానెల్, ప్యానెల్ నుంచి సైరన్ దాకా 20 మీటర్ల వైరు. 230 వోల్టుల వైపు పని ఏదైనా ఉంటే, అంటే కొత్త ప్లగ్ పాయింటు గానీ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) గానీ వేయాల్సి వస్తే, దాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

## 1. సైరన్ ఏ రకమో ముందు తేల్చుకోండి

దుకాణంలో సైరన్ అని అడిగితే చేతికిచ్చేవన్నీ ఒకే రకం కావు. వాటి వైరింగూ ఒకటి కాదు.

పీజో సైరన్. 12 వోల్టులు ఇస్తే చాలు, దానంతట అదే మోగుతుంది. సాధారణంగా 150 నుంచి 300 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. చిన్న ఇంటికి ఇది చాలు.

డ్రైవర్ (మోత సంకేతాన్ని పుట్టించే సర్క్యూట్) లోపలే ఉన్న హారన్ సైరన్. శబ్దం ఎక్కువ, కరెంటూ ఎక్కువే. అర ఆంపియర్ నుంచి ఒకటిన్నర ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు.

ఒట్టి హారన్ స్పీకర్. చూడడానికి పై రకంలాగే ఉంటుంది గానీ లోపల డ్రైవర్ ఉండదు. దీనికి నేరుగా 12 వోల్టుల డీసీ ఇస్తే ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది, ఆ తర్వాత కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. కొనేముందు మల్టీమీటరును ఓముల మీద పెట్టి రెండు వైర్లకూ తాకించండి. ప్రోబులు ఎటు మార్చినా 6 నుంచి 8 ఓములు చూపిస్తే అది ఒట్టి స్పీకరే. దానికి విడిగా సైరన్ డ్రైవర్ బోర్డు గానీ, స్పీకర్ కోసమే ఉద్దేశించిన అవుట్‌పుట్ ఉన్న ప్యానెల్ గానీ కావాలి.

సొంత బ్యాటరీ ఉన్న సైరన్ పెట్టె. ప్యానెల్ నుంచి వచ్చే 12 వోల్టులు ఆగిపోయినా, వైరు ఎవరైనా కోసేసినా లోపలి బ్యాటరీతో మోగుతుంది. ఖర్చు ఎక్కువే. అయినా ఇల్లు తాళం వేసి తరచూ ఊరెళ్లే వారికి నేను సూచించేది ఇదే.

230 వోల్టులతో నడిచే మోటారు సైరన్ ఇంటికి వద్దు. కరెంటు తీసేస్తే అది మూగబోతుంది.

## 2. కరెంటు లెక్క

ప్యానెల్ పుస్తకంలో బెల్ లేదా సైరన్ అవుట్‌పుట్ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో రాసి ఉంటుంది. సైరన్, దానితో పాటు మెరిసే దీపం ఉంటే అదీ కలిపి తీసుకునే కరెంటు ఆ అంకెలో నాలుగింట మూడు వంతులు దాటకూడదు. ఉదాహరణకు అవుట్‌పుట్ 1 ఆంపియర్ అయితే, 300 మిల్లీ ఆంపియర్ల పీజో సైరన్‌ను నేరుగా కలపవచ్చు. 1.2 ఆంపియర్ల హారన్‌ను మాత్రం రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ద్వారానే నడపాలి. కొన్ని ప్యానెళ్లలో ఉండేది 100 మిల్లీ ఆంపియర్ల సంకేత అవుట్‌పుట్ మాత్రమే కాబట్టి, వాటికి చిన్న సైరన్‌నైనా నేరుగా కలపకూడదు.

ఇక బ్యాటరీ. ప్యానెల్, సెన్సార్లు కలిసి 250 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే, 12 గంటలకు 3 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. ఒక ఆంపియర్ సైరన్ పది నిమిషాలు మోగితే ఖర్చయ్యేది 0.17 ఆంపియర్ అవర్ మాత్రమే. అంటే సైరన్ కోసం బ్యాటరీ సామర్థ్యం పెంచనక్కర్లేదు, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ సరిపోతుంది. అయితే సైరన్ ఒక్కసారిగా ఆంపియర్ లాగినప్పుడు పాతబడిన బ్యాటరీ వోల్టేజి కుప్పకూలుతుంది. సామర్థ్యం కన్నా బ్యాటరీ వయసు మీద ఎక్కువ దృష్టి పెట్టమనేది ఇందుకే.

‘మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, ప్యానెల్‌కు విడిగా బ్యాటరీ ఎందుకు?’ అని చాలామంది అనుకుంటారు. ఇన్వర్టర్‌ను ఒక బటన్‌తో ఎవరైనా ఆపేయవచ్చు. పైగా మన ఇళ్లలో అది వరండాలోనో మెట్ల కిందో ఉంటుంది. ప్యానెల్ అడాప్టరును ఇన్వర్టర్ లైను మీద పెట్టుకోండి, తప్పులేదు, కానీ ప్యానెల్ లోపలి బ్యాటరీని తీసేయవద్దు.

## 3. వైరు మందం

ఎక్కువ ఇళ్లలో సైరన్ నీరసంగా మోగడానికి కారణం సైరన్ కాదు, సన్నని వైరు. కరెంటు వెళ్లిరావాలి కాబట్టి 20 మీటర్ల దూరమంటే 40 మీటర్ల రాగి అని లెక్క వేసుకోవాలి. ఒక ఆంపియర్ దగ్గర ఆ దూరంలో దాదాపు ఎంత వోల్టేజి తగ్గుతుందో చూడండి:

- ఇంటర్నెట్ కేబుల్లోని ఒక జత: 3.4 వోల్టులు
- 0.5 చదరపు మి.మీ. వైరు: 1.6 వోల్టులు
- 0.75 చదరపు మి.మీ. వైరు: 1 వోల్టు
- 1 చదరపు మి.మీ. వైరు: 0.8 వోల్టు

బ్యాటరీ సగం దిగి 12 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు ఇంటర్నెట్ కేబుల్ ద్వారా సైరన్‌కు చేరేది 8.6 వోల్టులే. అప్పుడు హారన్ గొంతు పూడినట్టు మోగుతుంది, లేదా ఆగి ఆగి మోగుతుంది. పీజో సైరన్‌కు 0.5 సరిపోతుంది, హారన్‌కు 0.75 గానీ 1 గానీ తీసుకోండి. కేబుల్ గుర్తింపు పొందిన కంపెనీదై, పూర్తి రాగిది కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరులో నష్టం ఇంకా ఎక్కువ. దుకాణంలో కొస చిన్నగా గీకి చూస్తే లోపలి తెలుపు బయటపడుతుంది.

సైరన్‌కు రెండు కోర్లు చాలుననిపించినా, మూత తెరిస్తే హెచ్చరించే టాంపర్ స్విచ్ కోసం ఇంకో రెండు కావాలి. అందుకని మొదటే నాలుగు కోర్ల కేబుల్ తీసుకోండి. సొంత బ్యాటరీ ఉన్న పెట్టెకు ఆరు కోర్లు అవసరం. గోడలో పైపు మూసేశాక కోరు చాలలేదని తెలిస్తే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

## 4. చోటు, పైపు, గోడ రంధ్రం

నేల నుంచి 3 లేదా 4 మీటర్ల ఎత్తున, వీధికి కనిపించేలా, సన్‌షేడ్ కింద పెట్టండి. పిట్టగోడ మీద నుంచి చేయి చాస్తే అందే చోటు పనికిరాదు. కోతులు తిరిగే వీధుల్లో బయటికి కనిపించే వైరు ఒక్క జానెడు కూడా ఉండకూడదు, ఎందుకంటే అవి మొదట పట్టి లాగేది దాన్నే. సైరన్ వెనక నుంచే గోడలోకి వైరు వెళ్లేలా రంధ్రం వేస్తే కోతికీ దొంగకూ ఇద్దరికీ అందదు.

రంధ్రం లోపలి నుంచి బయటికి కొద్దిగా కిందికి వాలి ఉండాలి. అడ్డంగా వేసినా, లోపలికి వాలినా వాననీరు వైరు వెంటే ప్యానెల్ దాకా వస్తుంది. పెట్టెలోకి వెళ్లే ముందు వైరును కిందికి చిన్న లూపులా వంచితే నీటిచుక్కలు అక్కడే రాలిపోతాయి. పెట్టె చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు పైనా, రెండు పక్కలా మాత్రమే పూయండి. కింది అంచు వదిలేయాలి, లేకపోతే లోపల చేరిన తేమకు దారి ఉండదు. హారన్ నోరు కొంచెం కిందికి వంచి పెడితే నీరు నిలవదు, కందిరీగలు గూడు కట్టడమూ తగ్గుతుంది.

12 వోల్టుల వైరును 230 వోల్టుల వైర్లున్న పైపులో ఎప్పుడూ వేయకూడదు. ఉన్న పైపులో జాగా ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పినా ఒప్పుకోకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ప్యానెల్ కాలడమే కాక, సైరన్ ముట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది. విడిగా 20 మి.మీ. పీవీసీ పైపు వేసి, రెండు లైన్లు పక్కపక్కనే వెళ్లాల్సి వస్తే నడుమ ఒక అడుగు ఎడం ఉంచండి.

## 5. నిచ్చెన ఎక్కే ముందు సరిచూసుకోండి

- ప్యానెల్ పుస్తకం, సైరన్ పుస్తకం దగ్గర ఉన్నాయి.
- ప్యానెల్‌కు మెయిన్ ఆపి, ఆ తర్వాత బ్యాటరీ వైరు తీసేశారు.
- వీధి స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఎటు వస్తుందో చూశారు. అల్యూమినియం నిచ్చెన ఆ వైపు వాలకూడదు.
- నిచ్చెన పట్టుకోవడానికి ఒకరు ఉన్నారు.
- మల్టీమీటరు, మొసలి క్లిప్పులు, 2 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరుతో సహా, హీట్ ష్రింక్ స్లీవులు (వేడి చేస్తే ముడుచుకుని జాయింటును పట్టేసే గొట్టాలు) సిద్ధంగా ఉన్నాయి.
- చెవులకు మఫ్‌లు ఉన్నాయి. మీటరు దూరంలో 110 డెసిబెల్ల సైరన్ పక్కన ఒట్టి చెవులతో నిలబడకూడదు.

## 6. వైరింగ్ క్రమం

ఏ రకమైనా ఒకటే నియమం: సైరన్ వైపు ముందు, ప్యానెల్ వైపు తర్వాత, కరెంటు అన్నిటికన్నా చివర. ఏ రంగు వైరు దేనికో ఒక చీటీ మీద రాసి ప్యానెల్ మూత లోపల అతికించండి.

6.1 నేరుగా కలిపే పద్ధతి (చిన్న సైరన్)

1. సైరన్ ఎరుపు వైరును కేబుల్లోని ఎరుపుతో, నలుపును నలుపుతో కలపండి. మెలిపెట్టి టేపు చుడితే రెండు వానాకాలాల్లో చిలుము పడుతుంది కాబట్టి, టంకం వేసి హీట్ ష్రింక్ తొడగండి, లేదా పెట్టెలోని స్క్రూ టెర్మినళ్లకు బిగించండి.
2. టాంపర్ స్విచ్‌కు మిగతా రెండు కోర్లు ఇవ్వండి. మూత మూసినప్పుడు స్విచ్ కలిసి ఉండి, తెరిస్తే విడిపోవాలి.
3. ప్యానెల్ బెల్ ప్లస్‌కు ఎరుపు, బెల్ మైనస్‌కు నలుపు కలపండి. టాంపర్ వైర్లను 24 గంటలూ పనిచేసే జోన్‌కు (సెన్సార్ వైర్లు కలిపే టెర్మినళ్లలో ఒకదానికి) కలపండి.
4. చాలా ప్యానెళ్లు బెల్ వైరు తెగిందో లేదో కనిపెట్టడానికి ఒక రెసిస్టరు అడుగుతాయి. ఎన్ని ఓములో పుస్తకంలో ఉంటుంది. దాన్ని సైరన్ దగ్గరే, టెర్మినళ్ల మధ్య పెట్టాలి. పని సులువని ప్యానెల్ పెట్టెలోనే పెట్టేసేవారు ఉన్నారు. అప్పుడు బయట వైరు కోసేసినా ప్యానెల్‌కు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

చాలా ప్యానెళ్లలో ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, అలారం వచ్చినప్పుడు మైనస్ కలుస్తుంది. అందుచేత సైరన్ నలుపు వైరును ప్యానెల్ పెట్టెకో, వేరే మైనస్‌కో కలిపితే అది ఆగకుండా మోగుతుంది.

6.2 రిలేతో (పెద్ద హారన్)

రిలే కాయిల్ 12 వోల్టులది, దాదాపు 400 ఓములది తీసుకుంటే 30 మిల్లీ ఆంపియర్లతో పనిచేస్తుంది. ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే కారు రిలే గట్టిదే గానీ, దాని కాయిల్ సుమారు 150 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. బలహీనమైన అవుట్‌పుట్‌కు అది పనికిరాదు.

1. రిలే కాయిల్ ఒక కొసను బెల్ ప్లస్‌కు, రెండోదాన్ని బెల్ మైనస్‌కు ఇవ్వండి.
2. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు పెట్టండి. గీత ఉన్న వైపు ప్లస్‌కు రావాలి. తిప్పి పెడితే అలారం మోగగానే బెల్ అవుట్‌పుట్ షార్టవుతుంది. అసలు పెట్టకపోతే రిలే విడిచిన ప్రతిసారీ పుట్టే వోల్టేజి పోటు అవుట్‌పుట్ ట్రాన్సిస్టరును దెబ్బతీస్తుంది.
3. సైరన్ కోసం విడిగా 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య ఉంచే ఫ్లోట్ చార్జరు పెట్టండి. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరుకు అంగుళాల దూరంలోనే 2 ఆంపియర్ల ఫ్యూజు రావాలి. ఫ్యూజు చివర్లో పెడితే, దానికి ముందు వైరు షార్టయినప్పుడు 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కూడా వైరును ఎర్రగా కాల్చేంత కరెంటు ఇస్తుంది.
4. ఫ్యూజు నుంచి రిలే కామన్‌కు, నార్మల్లీ ఓపెన్ (రిలే పనిచేసినప్పుడే కామన్‌తో కలిసే) టెర్మినల్ నుంచి సైరన్ ప్లస్‌కు వైరు వేయండి. సైరన్ మైనస్ నేరుగా బ్యాటరీ మైనస్‌కు వెళ్తుంది.

ఈ పద్ధతిలో ఒక లోటుంది. ప్యానెల్ రెసిస్టరు రిలే దాకానే కనిపెడుతుంది, రిలే నుంచి సైరన్‌కు వెళ్లే వైరు తెగితే దానికి తెలియదు. కాబట్టి ఇక్కడ టాంపర్ వైర్లు ఐచ్ఛికం కావు. వాటిని అదే కేబుల్లో పంపితే, కేబుల్ కోసినవాడు టాంపర్‌నూ కోసినట్టే.

6.3 సొంత బ్యాటరీ ఉన్న పెట్టె

దీనికి ఎప్పుడూ ఉండే 12 వోల్టుల ప్లస్, మైనస్, సైరన్ సంకేతం, దీపం సంకేతం, రెండు టాంపర్ వైర్లు కావాలి. ప్లస్‌ను ప్యానెల్‌లోని సహాయక 12 వోల్టుల టెర్మినల్ నుంచి తీసుకోవాలి, బెల్ ప్లస్ నుంచి కాదు. సంకేతం రెండు రకాలు: కొన్నిటికి మైనస్ రావాలి, కొన్నిటికి ఉన్న ప్లస్ పోవాలి. పెట్టె లోపలి జంపరు (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు), ప్యానెల్ సెట్టింగు ఒకదానితో ఒకటి కుదరాలి.

ముందు వైర్లన్నీ బిగించి, ప్యానెల్‌కు కరెంటు ఇచ్చి, సైరన్ టెర్మినళ్ల దగ్గర 13 వోల్టులకు పైగా వస్తున్నాయని చూసి, ఆ తర్వాతే లోపలి బ్యాటరీ తగిలించండి. ఈ క్రమం తప్పితే నిచ్చెన మీద ఉండగానే చెవిలో మోగుతుంది, ఉలిక్కిపడి జారేది అప్పుడే.

## 7. పరీక్ష

మొదట సైరన్ బదులు, రిలే ఉన్నచోట మాత్రం, బైక్ ఇండికేటరులో వాడే 12 వోల్టుల 10 వాట్ల బల్బు తగిలించి చూడండి. దాదాపు 0.8 ఆంపియర్ తీసుకుంటుంది, శబ్దం లేకుండా వైరింగ్ అంతా తేలిపోతుంది. నేరుగా కలిపిన ప్యానెల్‌కు ఈ పద్ధతి వద్దు. చల్లటి బల్బు మొదటి క్షణంలో అంతకు చాలా రెట్లు లాగుతుంది కాబట్టి అవుట్‌పుట్ రక్షణ కోసం ఆగిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

బల్బు వెలిగాక ఇరుగుపొరుగుకు చెప్పి అసలు సైరన్‌తో ఇలా చేయండి:

1. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, మొసలి క్లిప్పులతో సైరన్ టెర్మినళ్లకు తగిలించి కిందికి దిగండి. మీటరు అంకెలు కింది నుంచి కనిపించేలా కట్టండి.
2. ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపండి.
3. ఒక గంట అలాగే వదిలి, అలారం మోగించండి.
4. సైరన్ మోగుతూ ఉండగా కనిపించే అంకె ముఖ్యం, మోగక ముందుది కాదు. 11 వోల్టులకు పైన ఉంటే బాగున్నట్టు. తక్కువుంటే అదే సమయంలో బ్యాటరీ దగ్గర కొలవండి. అక్కడ 12 దాటి ఉండి సైరన్ దగ్గర తక్కువుంటే లోపం వైరులోనో జాయింటులోనో ఉంది. రెండు చోట్లా తక్కువుంటే బ్యాటరీ మార్చాలి.
5. సైరన్ ఆపి, ప్యానెల్ దగ్గర ఒక్కొక్క వైరే తీసి చూడండి. ప్రతిసారీ ప్యానెల్ లోపం చూపించాలి, లేదా సొంత బ్యాటరీ పెట్టె మోగాలి. దేనికీ స్పందన లేకపోతే ఆ వైరును ఎవరూ కాపలా కాయడం లేదన్నమాట.

## 8. లోపాలు, సవరణలు

అలారం లేకపోయినా సైరన్ సన్నగా కీచుమంటోంది. వైరును కనిపెట్టడానికి ప్యానెల్ పంపే చిన్న కరెంటే పీజోను కదిలిస్తోంది. సైరన్ టెర్మినళ్ల దగ్గర పుస్తకంలో చెప్పిన రెసిస్టరు ఉందో లేదో చూడండి. 1 కిలో ఓమ్ అయితే అర వాట్‌ది వాడండి, ఎందుకంటే మోగినప్పుడు దాని మీద 0.19 వాట్ పడుతుంది. అప్పటికీ ఆగకపోతే రిలే పెట్టాలి.

మోగడం మొదలై వెంటనే ప్యానెల్ రీసెట్ అవుతోంది. బ్యాటరీ కూలిపోతోంది, లేదా సైరన్ ఎక్కువ లాగుతోంది. మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, సైరన్‌తో వరుసలో కలిపి ఎంత తీసుకుంటుందో కొలవండి.

వాన పడినప్పుడే టాంపర్ అలారం వస్తోంది. పెట్టెలో తేమ, లేదా గోడ రంధ్రం లోపలికి వాలి ఉంది. జాయింటు ఆరబెట్టి, సీలు సరిచేయండి. టాంపర్‌ను ప్యానెల్ దగ్గర షార్ట్ చేసి ఊరుకోవడం సవరణ కాదు.

ఎప్పుడో ఒకసారి మోగదు. రిలే స్క్రూలు, ఫ్యూజు హోల్డరు చూడండి. గాజు ఫ్యూజు హోల్డరు స్ప్రింగు తుప్పు పడితే మీటరుకు 12 చూపిస్తుంది, ఆంపియర్ అడిగితే ఇవ్వదు.

## 9. ఎంతసేపు మోగాలి

మూడు నుంచి అయిదు నిమిషాల తర్వాత ఆగేలా ప్యానెల్‌లో పెట్టండి. సైరన్ ఆగినా దీపం మెరుస్తూ ఉండవచ్చు, తిరిగొచ్చాక ఏం జరిగిందో తెలుస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్లు పరిమితి. తప్పుడు అలారంతో అర్ధరాత్రి గంటసేపు మోగే సైరన్‌ను ఒక నెలలో పొరుగువారు పట్టించుకోవడం మానేస్తారు, ఆ తర్వాత నిజంగా మోగినా ఎవరూ బయటికి రారు.

## 10. ఆపైన చూసుకోవాల్సినవి

- మూడు నెలలకోసారి మెయిన్ ఆపి పది సెకన్లు మోగించండి.
- తొలకరి వాన పడ్డాక ఒకసారి మూత తెరిచి, చీమలు, బల్లి గుడ్లు, చిలుము ఉన్నాయేమో చూడండి. తెరిచే ముందు ప్యానెల్‌ను సర్వీసు మోడ్‌లో పెట్టండి.
- బ్యాటరీ మీద మార్కరుతో తగిలించిన నెల, సంవత్సరం రాయండి. వేడి ఎక్కువుండే మన ఊళ్లలో, ముఖ్యంగా మెట్ల గదిలోనో మేడ మీదో ఉంటే, మూడేళ్లకే మార్చడం మంచిది. పూర్తిగా చార్జయిన బ్యాటరీ ఒక ఆంపియర్ లోడు మీద అయిదు నిమిషాల్లోనే 12 వోల్టుల కిందికి జారితే అప్పటిదాకా కూడా ఆగవద్దు. పాతదాన్ని కొత్తది కొనే దుకాణంలోనే ఇచ్చేయండి.
- సొంత బ్యాటరీ ఉన్న సైరన్ పెట్టెలో కొన్నిటికి నికెల్ బ్యాటరీ, కొన్నిటికి సీసం బ్యాటరీ ఉంటుంది. వోల్టేజి ఒకటేనని ఒకదాని బదులు ఇంకొకటి వేయవద్దు, లోపలి చార్జింగ్ సర్క్యూట్ ఆ రకానికి సరిపడేలా మాత్రమే చేసి ఉంటుంది.